పాట ముద్దు... పాటగాడు వద్దా?

గొంతు నచ్చితే నెత్తిన పెట్టుకుంటారు. ఆ గొంతున్న మనిషి పేరో, పుట్టుకో, యాసో, మనసో తమలా లేదని తెలిస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. పాటంటే ప్రాణం పెట్టే ఇటలీలో అరవయ్యేళ్లుగా అభిమానులకీ గాయకులకీ మధ్య నడుస్తున్న కథ ఇది. చదువుతుంటే అక్కడక్కడా మన కథలాగా కూడా అనిపిస్తుంది!

2019 ఫిబ్రవరి 9 రాత్రి. పన్నెండు దాటింది. అయినా ఇటలీలో చాలా ఇళ్లలో టీవీలు కట్టెయ్యలేదు. శాన్‌రెమో పట్టణంలోని అరిస్టన్ థియేటర్లో పాటల పండగ చివరి ఘట్టానికి వచ్చింది. ఇరవై నాలుగు పాటల్లోంచి మూడే మిగిలాయి. ఒకటి రోమ్ కుర్రాడు ఉల్తిమోది. రెండోది అప్పటికే దేశదేశాలు తిరిగి పాడిన 'ఇల్ వోలో' బృందానిది. మూడోది మహమూద్ అనే 26 ఏళ్ల యువకుడిది.

ఫోన్ ఓట్లలో ఉల్తిమోకి 46.5 శాతం వచ్చాయి. ఇల్ వోలోకి 39.4. మహమూద్‌కి దక్కింది 14.1 శాతమే. కానీ ఆ ఏడాది నిబంధనల ప్రకారం ప్రేక్షకుల ఓటుకి సగం విలువే. మిగతా సగంలో 30 శాతం విలేకరులది, 20 శాతం ప్రముఖులతో వేసిన జ్యూరీది. అన్నీ కలిపి లెక్క తేల్చేసరికి... విజేత మహమూద్!

ఇంకేముంది, తెల్లారేసరికి దేశమంతా అదే గొడవ.

ఉల్తిమో పాట నచ్చడంలో తప్పేం లేదు. 'మేం ఓట్లేస్తే మీరెవరు మార్చడానికి' అని అభిమానులు అలగడంలోనూ వింత లేదు. కానీ గొడవ పాట దగ్గర ఆగలేదు. పేరు దగ్గరికి వెళ్లింది. వలస వచ్చేవాళ్లని అడ్డుకోవడమే తన పనిగా చెప్పుకునే అప్పటి హోంమంత్రి మత్తెయో సాల్వినీ, ఇదా అందమైన ఇటాలియన్ పాట, తానైతే ఉల్తిమోనే ఎంచుకునేవాణ్నంటూ ట్వీట్ చేశారు. మరో ఉపప్రధాని లుయిజీ ది మాయో, జ్యూరీల్లో కూర్చునే పెద్దలకి జనం నాడి తెలియదన్నారు. ప్రభుత్వం మీద కోపంతోనే విలేకరులు ఆ పేరున్న వాణ్ని గెలిపించారని వాదించినవాళ్లూ ఉన్నారు.

ఇంతకీ ఎవరీ మహమూద్? అమ్మది సార్డీనియా దీవి. నాన్నది ఈజిప్టు. పుట్టిందీ పెరిగిందీ మిలన్‌లో. చిన్నప్పుడే నాన్న ఇల్లు వదిలి వెళ్లిపోతే అమ్మే పెంచింది. ఆ రోజు అతను పాడిన 'సోల్ది' పాట కూడా ఆ బాధలోంచి వచ్చిందే. సోల్ది అంటే డబ్బులు. ప్రేమ గురించి కాక డబ్బు గురించే ఆలోచించిన తండ్రిని నిలదీసే కొడుకు పాట అది. చిన్నప్పుడు నాన్న నోట విన్న అరబిక్ మాటలు కొన్ని అందులో దొర్లుతాయి. తనకి అరబిక్ సరిగా రాదనీ, తాను నూటికి నూరుపాళ్లూ ఇటాలియన్‌నేననీ గెలిచిన వెంటనే చెప్పుకోవాల్సి వచ్చింది మహమూద్‌కి. పాటల పోటీలో మొదటి బహుమతి కొట్టినవాడు సంబరపడాల్సిన పూట ఇచ్చుకున్న సంజాయిషీ అది.

మూడు నెలలు తిరిగాయి. యూరప్ దేశాలు పోటీపడే యూరోవిజన్‌కి ఇటలీ తరఫున వెళ్లిందీ మహమూదే. అక్కడ రెండోస్థానం తెచ్చిపెట్టాడు. ఆ పాటలో వచ్చే చప్పట్ల దరువుకి హాలంతా చేతులు కలిపింది. వద్దన్న పేరే దేశానికి పేరు తెచ్చింది!

ఓట్ల పండగ

శాన్‌రెమో గురించి కాస్త చెప్పుకోవాలి. ఇటలీ వాయవ్యాన సముద్రం ఒడ్డున ఉండే ఈ ఊరు పూలతోటలకి ప్రసిద్ధి. 1951లో అక్కడి క్యాసినోలో చిన్నగా మొదలైన పాటల పోటీ 1977లో అరిస్టన్ థియేటర్‌కి మారింది. ఏటా వరసగా కొన్ని రాత్రులు జరిగే ఈ కార్యక్రమాన్ని ప్రభుత్వ టీవీ 'రాయ్' ప్రసారం చేస్తుంది. ఆరు కోట్లమంది కూడా లేని దేశంలో ఫైనల్ చూసేవాళ్లు కోటికి తగ్గరు. 1958లో దొమెనికో మొదూన్యో చేతులు బార్లా చాపి 'వొలారె' పాడి ప్రపంచాన్ని ఊపేసింది ఈ పోటీలోనే.

ఒక పోటీకి అంత పట్టింపేంటి అనుకుంటే మన ఇళ్లనే గుర్తుచేసుకోవచ్చు. 2006లో ఇండియన్ ఐడల్ పోటీలో కారుణ్య రెండోస్థానంలో ఆగిపోయినప్పుడు తెలుగిళ్లు ఎంత ఉసూరుమన్నాయో, 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు ఎంత పండగ చేసుకున్నాయో చాలామందికి జ్ఞాపకమే. 'మనవాడు' అనుకుంటే చాలు, ఓటు దానంతటదే పడుతుంది. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఎవరు మనవాడు? ఎవరు కాదు? ఇటలీలో ఆ ప్రశ్న మహమూద్‌తో మొదలవలేదు. అతను పుట్టడానికి ముప్ఫై ఏళ్ల ముందే ఒక వేలి ఉంగరం దగ్గర మొదలైంది.

చిటికెన వేలి ఉంగరం

ఉంబెర్తో బిందీ. జెనోవా నగరం ఇటలీకి ఇచ్చిన గొప్ప పాటగాళ్ల తరంలో ఒకడు. పియానో ముందు కూర్చుంటే సినిమా పాటకీ శాస్త్రీయ సంగీతానికీ మధ్య గోడ చెరిపేసేవాడని పేరు. 1959లో 'అర్రివెదెర్చి', 1960లో 'ఇల్ నొస్త్రో కొంచెర్తో' దేశమంతా మారుమోగాయి. ఆ ఊపుతోనే 1961లో శాన్‌రెమో వేదికెక్కాడు. అప్పటికి వయసు 28.

మర్నాడు పత్రికలు పాట గురించి రాస్తాయనుకున్నాడు. అవి రాసింది అతని చిటికెన వేలికున్న పెద్ద ఉంగరం గురించి! మగవాడు అలాంటి ఉంగరం పెట్టుకుంటాడా అన్నది ప్రశ్న. అడగదలుచుకున్నది అది కాదని అడిగేవాళ్లకీ తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. బిందీ ఇష్టపడేది మగవాళ్లనన్న గుసగుసకి ఆ ఉంగరం ఓ సాకు దొరికింది. అంతే... టీవీ పిలుపులు తగ్గాయి. కచేరీలు తగ్గాయి. ఎవరూ నిషేధం విధించలేదు. ఎవరూ కాగితం మీద సంతకం పెట్టలేదు. పిలవడం మానేశారు, అంతే.

చిత్రమేంటంటే, మనిషిని వద్దన్నా అతని పాటని మాత్రం ఎవరూ వద్దనలేదు. 1963లో బిందీ బాణీ కట్టిన 'ఇల్ మియో మోందో'ని మర్నాటి ఏడాది ఇంగ్లిష్‌లో 'యూ ఆర్ మై వరల్డ్' పేరిట సిల్లా బ్లాక్ పాడింది. బ్రిటన్‌లో అది నంబర్ వన్ అయింది. ఆ బాణీ ప్రపంచం చుట్టి వచ్చింది. కట్టినవాడు మాత్రం సొంత దేశంలో ఇంటికే పరిమితమయ్యాడు.

మళ్లీ శాన్‌రెమోలో అడుగుపెట్టడానికి 35 ఏళ్లు పట్టింది. 1996లో, అరవై దాటాక, 'న్యూ ట్రోల్స్' బృందంతో కలిసి పాడాడు. ఆ పాటకి సాహిత్యం రాసింది రెనాతో జీరో. విచిత్రమైన దుస్తులూ మొహం నిండా రంగులతో వేదికనెక్కి 1970ల్లోనే ఇటలీని అబ్బురపరిచిన స్టార్ అతను. ఉంగరాన్ని భరించలేని దేశం పదిహేనేళ్లు తిరిగేసరికి ఈకల కోటుకి చప్పట్లు కొట్టింది! వేషమైతే ముచ్చటపడ్డారు. బతుకైతే భయపడ్డారు.

చివరి రోజుల్లో బిందీకి జబ్బు, దానికి తోడు చేతిలో డబ్బుల్లేని పరిస్థితి. ప్రముఖులు కష్టాల్లో ఉంటే ఆదుకోవడానికి ఇటలీలో ఉన్న 'బక్కెల్లీ చట్టం' కింద ప్రభుత్వం సాయం మంజూరు చేసింది. అది అందే వేళకి ఆయనకి మిగిలిన బతుకు కొద్దిరోజులే. 2002 మేలో కన్నుమూశాడు. పత్రికలన్నీ గొప్పగా రాశాయి. ఉంగరం ఊసు ఈసారి పశ్చాత్తాపంగా వచ్చింది.

ఐరన్ లెగ్!

తెలుగు సినిమా సంగతులు కాస్త తెలిసినవాళ్లకి 'ఐరన్ లెగ్' అన్న మాట వివరించక్కర్లేదు. రెండు సినిమాలు ఆడకపోతే ఆ నేరం కథదీ కాదు, దర్శకుడిదీ కాదు, హీరోయిన్ పాదానిది! సరిగ్గా అలాంటి ముద్రే ఇటలీలో ఓ గొప్ప గాయని జీవితాన్ని మింగేసింది. ఆమె పేరు మియా మార్తీనీ.

దక్షిణాన కలాబ్రియాలోని బాన్యారా ఆమె సొంతూరు. 1972లో 'పిక్కొలో వోమో', మరుసటి ఏడు 'మినుయెత్తో' ఆమెని ఇంటింటికీ పరిచయం చేశాయి. కాస్త బొంగురు కలిసిన గొంతు. పాడుతుంటే ఎదురుగా కూర్చుని కష్టం చెప్పుకుంటున్నట్టుండేది. అలాంటి గాయని వెనక ఒక పుకారు నడిచింది. ఆమె ఎక్కడుంటే అక్కడ అశుభమట!

దాని పుట్టుక గురించి ఆమే తర్వాత చెప్పింది. 1970లో ఓ కార్యక్రమాల నిర్వాహకుడు తనకే పాడాలని అడిగితే ఆమె కాదంది. కొద్దిరోజులకే సిసిలీలో కచేరీ చేసుకుని తిరిగొస్తుంటే వ్యాన్‌కి ప్రమాదం జరిగింది. ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు. ఆ ప్రమాదాన్ని పట్టుకుని అతగాడు ఈ మాట పుట్టించాడన్నది ఆమె కథనం. పుట్టించినవాడు ఒక్కడే. మోసినవాళ్లు మాత్రం వేలమంది. ఎక్కడైనా మైకు మొరాయిస్తే, లైటు పేలితే, వానపడి కచేరీ ఆగితే... 'ఆమె వచ్చిందిగా' అనేవారు. ఆమె పాల్గొంటే తాము రామన్న కళాకారులున్నారు. పేరు వినగానే దిష్టి తగలకుండా చూపుడువేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా చాపేవాళ్లున్నారు. నవ్వుతూ చేసేవాళ్లు. సరదాకే అనుకునేవాళ్లు. ఆ సరదా వల్ల అవతల ఒక మనిషికి తిండి పోతోందని ఎంతమంది ఆలోచించారో!

1980ల్లో ఆమె పెద్ద వేదికలకి దూరమైంది. చిన్న ఊళ్ల కూడళ్లలో, దొరికినచోటల్లా పాడుకుంటూ నెట్టుకొచ్చింది. అభిమానులు క్యాసెట్లు వింటూనే ఉన్నారు. కానీ మా గాయనిని ఎందుకు పిలవరని నిలదీసినవాళ్లు లేరు. 

1989లో ఆ తలుపు తెరుచుకుంది. శాన్‌రెమోలో ఆమె 'అల్మేనో తూ నెల్లూనివెర్సో' పాడింది. బిందీ తరం జెనోవా కవి బ్రూనో లౌజీ, సంగీతకర్త మౌరీజియో ఫబ్రీజియో కలిసి ఆ పాటని 1972లోనే రాసిపెట్టారు. పదిహేడేళ్లు ఎదురుచూసిన పాటని, ఆరేడేళ్లు ఎదురుచూసిన గొంతు పాడింది. ఓట్ల లెక్కలో వచ్చింది తొమ్మిదోస్థానమే. కానీ విమర్శకుల అవార్డు ఆమెదే. ఇప్పటికీ ఇటలీలో పాటల పోటీకి వెళ్లే అమ్మాయి ఎవరైనా తన గొంతు సత్తా చూపించాలనుకుంటే ఎంచుకునే పాటల్లో అది ముందుంటుంది.

1992లో అదే వేదిక మీద రెండోస్థానం, ఆ తర్వాత యూరోవిజన్‌లో నాలుగోస్థానం. అయినా పుకారు పూర్తిగా చావలేదు. 1995 మేలో మిలన్ దగ్గర్లోని చిన్న ఊళ్లో, ఒంటరిగా ఉన్న ఇంట్లో ఆమె చనిపోయి కనిపించింది. వయసు 47. ఆమె జీవితం మీద తీసిన 'ఇయో సోనో మియా' చిత్రం 2019 ఫిబ్రవరి 12న రాయ్ టీవీలో వచ్చింది. అంటే మహమూద్ పేరు మీద దేశం కొట్టుకుంటున్న వారంలోనే! వెనకటి తప్పుకి కన్నీళ్లు పెట్టుకోవడం తేలిక. కళ్లముందు జరుగుతున్నదాన్ని గుర్తుపట్టడమే కష్టం.

భయపడింది ఎవరు?

తిజియానో ఫెర్రో. 2001లో 'పెర్దోనో'తో ఒక్కసారిగా ఎగసిన లాతినా కుర్రాడు. స్పెయిన్ నుంచి లాటిన్ అమెరికా దాకా అమ్మాయిలు గోడల మీద పోస్టర్లు అంటించుకున్న గాయకుడు. 2010 అక్టోబరులో, ముప్ఫై ఏళ్ల వయసులో, తాను గేనని ఒక పత్రిక ద్వారా చెప్పాడు. అదే నెలలో తన డైరీలని పుస్తకంగా తెచ్చాడు. ముప్ఫై ఏళ్లూ, నాన్నతో ఓ కబురూ అని అర్థమొచ్చే పేరు పెట్టాడు దానికి. అందులో ఉన్నది తారాజీవితం కాదు, ఏళ్ల తరబడి దాచుకుని దాచుకుని అలసిపోయిన ఓ కొడుకు బాధ.

అభిమానులు విడిచిపెట్టేస్తారని, ప్రేమపాటలు ఇక ఎవరు వింటారని అనుకున్నవాళ్లున్నారు. జరిగింది వేరు. 2011 చివర్లో వచ్చిన ఫెర్రో ఆల్బమ్ 2012లో ఇటలీ మొత్తంలో ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్‌గా నిలిచింది. 2015లో పెద్ద పెద్ద ఫుట్‌బాల్ స్టేడియాల్లో కచేరీలు చేశాడు. ప్రేమపాట వినేటప్పుడు ఎవరి ప్రేమ వాళ్లకే గుర్తొస్తుంది. పాడేవాడు ఎవరిని తలుచుకుంటున్నాడన్నది వినేవాడికి అడ్డం రాలేదు. 

అంటే ఇటలీ మారిపోయిందా? అంత తేలిగ్గా చెప్పలేం. 2012 మార్చి 1న లూచో దల్లా చనిపోయాడు. 'కరూసో' పాటతో పవరొట్టి దాకా అందర్నీ కట్టిపడేసిన బొలొన్యా ముద్దుబిడ్డ. మార్చి 4న, సరిగ్గా ఆయన పుట్టినరోజునే, శాన్ పెత్రోనియో చర్చిలో అంత్యక్రియలు. బయట కూడలి కిక్కిరిసిపోయింది. లోపల, ఆయనతో కలిసి జీవించిన ఓ యువకుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాడు. ఎంతోమంది చూశారు. అతను ఆయనకి ఏమవుతాడో అందరికీ అర్థమైంది. కానీ ఆ మాట పైకి అన్నవాళ్లు లేరు. తన సొంత జీవితం గురించి దల్లా ఎప్పుడూ పెదవి విప్పలేదు. అది ఆయన ఇష్టం. మర్నాడు మాత్రం పత్రికల్లో చర్చ మొదలైంది. ఇది ఒక మనిషి గోప్యతకి ఇచ్చిన గౌరవమా, లేక చెప్పనంతవరకే నువ్వు మావాడివన్న షరతా అని.

2016 ఫిబ్రవరిలో శాన్‌రెమోకి వచ్చిన గాయకుల్లో చాలామంది మైకులకీ మణికట్లకీ ఏడురంగుల రిబ్బన్లు కట్టుకుని పాడారు. స్వలింగ జంటలకి చట్టబద్ధమైన గుర్తింపు గురించి పార్లమెంటులో వాదనలు సాగుతున్న రోజులవి. పాటగాళ్లకి రాజకీయాలెందుకని విసుక్కున్న అభిమానులూ ఉన్నారు. మే నెలలో ఆ చట్టం వచ్చింది. పెళ్లి అన్న మాట మాత్రం అందులో లేదు. అలాంటివాళ్లపై ద్వేషంతో చేసే నేరాలకి శిక్షలు పెంచాలన్న మరో బిల్లు 2021 అక్టోబరులో సెనేట్‌లో ఆగిపోయింది. ఆగిపోయినందుకు సభలో కొందరు చప్పట్లు కొట్టారు. అదే దేశం నాలుగు నెలలు తిరక్కుండానే, 2022 ఫిబ్రవరిలో, మహమూద్, బ్లాంకో అనే ఇద్దరు అబ్బాయిలు కళ్లలో కళ్లు పెట్టి పాడిన 'బ్రివిది' ప్రేమగీతానికి పట్టం కట్టింది. చప్పట్లు రెండుచోట్లా చప్పట్లే!

యాస మీద ఈలలు

పరాయి పేరు, వేరే మనసు, అపశకునం... ఇవన్నీ సరే. సొంత దేశంవాడే, అచ్చమైన ఇటాలియనే అయితే అందరూ ఒప్పుకుంటారా? 2024 ఫిబ్రవరి 9 రాత్రి అరిస్టన్‌లో ఆ సంగతీ తేలింది.

జోలియే అనే ర్యాపర్‌ది నేపుల్స్ నగరంలోని సెకొందిల్యానో పేట. నేరాల వార్తలతోనే బయటివాళ్లకి తెలిసిన చోటు. 23 ఏళ్ల ఆ కుర్రాడు ఇటాలియన్‌లో కాదు, తన ఊరి నేపుల్స్ భాషలో పాడాడు. పాత పాటలు పాడే ఆ రాత్రి పోటీలో మొదటిస్థానం అతనిదేనని ప్రకటించగానే హాల్లో 'ఊ... ఊ...' అంటూ గేలి మొదలైంది. కొందరు లేచి వెళ్లిపోయారు. మర్నాడు ఫైనల్లో ప్రేక్షకుల ఓట్లలో దాదాపు 60 శాతం అతనికే పడ్డాయి. విలేకరుల, రేడియోల జ్యూరీలు వేరేలా ఓటు వేయడంతో ఆంజెలీనా మాంగో గెలిచింది, జోలియే రెండోస్థానంలో నిలిచాడు. ఆమె పాట బాగుంది, ఆమెదీ దక్షిణాదే. అయినా నేపుల్స్ మనసు చివుక్కుమన్నది ఓడినందుకు కాదు, ముందురోజు ఆ గేలికి.

ఆ బాధ మనకీ తెలియనిది కాదు. తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస, సీమ యాస... ఎన్నేళ్లపాటు సినిమాల్లో నవ్వించడానికో, విలన్ చేత పలికించడానికో పనికొచ్చాయి! హీరో నోట సొంత యాస పలకడానికి, దాన్ని జనం ఈలలేసి ఆదరించడానికి చాలాకాలం పట్టింది.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి 2019ని పక్కన పెట్టి చూడాలి. అప్పుడు మహమూద్‌ని గెలిపించింది జ్యూరీ. కాదన్నది జనం ఓటు. 2024లో జోలియేని అక్కున చేర్చుకుంది జనం ఓటు. గేలి చేసింది బాగా డబ్బుపెట్టి టికెట్లు కొనుక్కుని ముందు వరసల్లో కూర్చున్నవాళ్లు. అంటే... సహనం చదువుకున్నవాళ్ల సొత్తూ కాదు, సామాన్యుల సొత్తూ కాదు. ఎవరికి వాళ్లకి ఒక గీత ఉంటుంది. దాని అవతల ఉన్నవాడు ఎంత బాగా పాడినా చెవికెక్కదు.

మావాడే, మరి కాగితం?

ఆ రాత్రే అదే వేదిక మీద గాలీ అనే గాయకుడు కూడా పాడాడు. అమ్మానాన్నలది ట్యునీషియా. పుట్టింది మిలన్‌లో. పాత పాటల వంతు వచ్చినప్పుడు అతను ఎంచుకున్న వాటిలో ఒకటి తోతో కుతూన్యో 'లితాలియానో'. 1983లో అదే శాన్‌రెమోలో అయిదోస్థానంతో సరిపెట్టుకున్నా, తర్వాత ప్రపంచం నలుమూలలా ఇటాలియన్లు గుండెమీద చెయ్యేసుకుని పాడుకున్న పాట. గిటారూ, ఘాటు కాఫీ, ఉడికీ ఉడకని స్పగెట్టీ... ఇవన్నీ చెప్పి, ఇదిగో నిజమైన ఇటాలియన్ అంటుంది. కుతూన్యో 2023లో చనిపోయాడు. ఆర్నెల్లకి ఆ పాటని ట్యునీషియా దంపతుల బిడ్డ అరబిక్‌తో కలిపి పాడుతుంటే హాలు లేచి నిలబడింది.

పాటలో ఒప్పుకున్నంత తేలిగ్గా చట్టం ఒప్పుకోదు. 1992 నాటి చట్టం ప్రకారం విదేశీ దంపతులకి ఇటలీలో పుట్టిన బిడ్డ అక్కడే వరసగా పెరిగి, 18 ఏళ్లు నిండాక దరఖాస్తు చేసుకుంటేనే పౌరుడవుతాడు. అప్పటిదాకా అదే బడిలో చదువుతాడు, అదే యాసలో మాట్లాడతాడు, అదే జట్టుకి ఈలలేస్తాడు... కాగితం మాత్రం వేరే దేశానిది. బయటినుంచి వచ్చినవాళ్లు పౌరసత్వం అడగడానికి పదేళ్లు అక్కడ ఉండాలన్న నిబంధనని అయిదేళ్లకి తగ్గించాలని 2025 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. అది చెల్లాలంటే సగంమందికి పైగా ఓటర్లు రావాలి. వచ్చింది 30 శాతమే. వద్దని గట్టిగా చెప్పడానికి కూడా కాదు, జనం అసలు రానేలేదు. శాన్‌రెమోకి ఓటేయడానికి మాత్రం ఫోన్ లైన్లు ఖాళీ ఉండవు!

విదేశాల్లో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల్నీ అక్కడివాళ్లు 'నువ్వు అసలు ఎక్కడివాడివి' అని అడుగుతారు. వాళ్ల అమ్మానాన్నలకి ఆ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు. గాలీ తల్లికీ మహమూద్ తల్లికీ గుచ్చుకున్నది అక్కడే.

ఇటలీ అభిమానుల కథలో ఓదార్పు ఏదైనా ఉందంటే... వాళ్లు తప్పులు చేశారు, కానీ పాటని పూర్తిగా వదల్లేదు. వదలకపోవడం వల్లే ఎప్పుడో ఒకప్పుడు పాట వెనకున్న మనిషి దాకా రాగలిగారు. కొన్నిసార్లు వచ్చేసరికి ఆలస్యమైంది. బిందీ విషయంలో, మియా విషయంలో అదే జరిగింది. 2020 ఫిబ్రవరిలో శాన్‌రెమోకి అతిథిగా వచ్చిన తిజియానో ఫెర్రో తన వంతు రాగానే మియా మార్తీనీ పాట 'అల్మేనో తూ నెల్లూనివెర్సో' అందుకున్నాడు. పాడుతూ పాడుతూ కన్నీళ్లాపుకోలేకపోయాడు. శ్రుతి తప్పిందని మర్నాడు కొందరు లెక్కలు తీశారు. ఆ పాటని ఆ మనిషి ఎందుకు ఎంచుకున్నాడో తెలిసినవాళ్లు మాత్రం శ్రుతి గురించి మాట్లాడలేదు.

అన్నట్టు, శాన్‌రెమోలో విమర్శకులిచ్చే అవార్డుకి 1996 నుంచి మియా మార్తీనీ పేరే పెట్టారు. ఒకప్పుడు పలికితే కీడన్న పేరు అది. ఇప్పుడు ఏటా ఫైనల్ రాత్రి ఆ పేరుని వేదిక మీద గట్టిగా చదువుతారు. అందుకున్నవాళ్లు గుండెలకి హత్తుకుంటారు. హాల్లో ఎవరూ వేళ్లు కొమ్ముల్లా చాపరు.